ప్రావిడెన్స్ బ్రౌన్ సోదరుల ఉత్తరాలు: ఒకే ఊళ్లో ఉంటూ ఎందుకు రాసుకున్నారు, వాటిని ఎలా చదవాలి

మీరు అడిగినవి మూడు విషయాలు. 18వ శతాబ్దంలో, అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో, ప్రావిడెన్స్ పట్టణంలో, బ్రౌన్ అనే వ్యాపార కుటుంబపు అన్నదమ్ములు ఒకరింటికి మరొకరు నడిచి వెళ్లగలిగినంత దగ్గరలో ఉంటూ కూడా ఉత్తరాలు ఎందుకు రాసుకున్నారన్నది మొదటిది. బానిస వ్యాపారం కారణంగా జాన్, మోజెస్ అనే సోదరులిద్దరూ బద్ధశత్రువులయ్యారన్న మాట నిజమేనా అన్నది రెండవది. ఆ ఉత్తరాలు చదవదలచిన తెలుగు విద్యార్థి ఎక్కడ మొదలుపెట్టాలన్నది మూడవది. ఆ కాలపు వ్యాపారుల కాగితాలను చాలా ఏళ్లుగా చదువుతున్నవాణ్ణి కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను. రెండవ ప్రశ్నకు నా జవాబును మాత్రం ముందే చెబుతాను. వాళ్లు శత్రువులు కారు. వాళ్లు ఒకే పాపంలో ఒకే కాగితం మీద సంతకం పెట్టిన భాగస్తులు. వారిలో ఒకరు ఆ సంతకాన్ని జీవితాంతం మరిచిపోలేకపోయారు, మరొకరు దానిలో తప్పేమీ చూడలేకపోయారు. వారి మధ్య నడిచిన ఉత్తరాల బరువంతా అక్కడే ఉంది.

ముందు కుటుంబం సంగతి. తండ్రి కెప్టెన్ జేమ్స్ బ్రౌన్ 1739లో చనిపోయేనాటికి చిన్నకొడుకు మోజెస్‌కు ఏడాది కూడా నిండలేదు. పిల్లల పెంపకం తల్లి హోప్ మీద, వ్యాపారం పినతండ్రి ఒబడయా మీద పడ్డాయి. కొడుకుల్లో పెద్దవాడు చిన్న వయసులోనే పోగా మిగిలింది నలుగురు: 1729లో పుట్టిన నికొలస్, 1733లో పుట్టిన జోసెఫ్, 1736లో పుట్టిన జాన్, 1738లో పుట్టిన మోజెస్. ఒబడయా మోజెస్‌ను తన దగ్గర పెట్టుకుని పని నేర్పించాడు. తరువాత 1764లో మోజెస్ ఆ పినతండ్రి కూతురు ఆనానే పెళ్లి చేసుకున్నాడు. మన వరసల ప్రకారం పినతండ్రి కూతురు చెల్లెలవుతుంది కనుక ఇది మనకు చదవడానికే ఇబ్బందిగా ఉంటుంది. అయితే ఆ వ్యాపార కుటుంబాలలో అటువంటి పెళ్లి మామూలు విషయం, పైగా ఆస్తి బయటి చేతులకు పోకుండా చూసుకునే మార్గం కూడా. మనకు మేనరికం చేసిన పనే అక్కడ పినతండ్రి పిల్లలతో పెళ్లి చేసిందనుకుంటే, ఈ ఉత్తరాల్లో ఇంటి మాటా లెక్కల మాటా ఎందుకు విడదీయరానంతగా కలిసిపోయాయో అర్థమవుతుంది.

చాలామంది గమనించని విషయం ఒకటుంది: ఈ కుటుంబంలో అన్నదమ్ముల మధ్య బానిస వ్యాపారపు ఉత్తరాలు ఈ నలుగురితో మొదలు కాలేదు. 1736లో వీరి తండ్రి జేమ్స్ ‘మేరీ’ అనే ఓడను ఆఫ్రికాకు పంపాడు. ప్రావిడెన్స్ నుంచి బానిసల కోసం బయలుదేరిన తొలి ఓడ అదే. దాని మీద సరుకుల బాధ్యత చూసుకుంటూ వెళ్లినవాడు తమ్ముడు ఒబడయా. కరీబియన్ దీవుల్లో ఉన్న ఆ తమ్ముడికి అన్న రాసిన ఉత్తరంలోని సారం ఏమిటంటే, బానిసలందరూ మంచి ధరకు అమ్ముడుపోకపోతే కొందరిని ఇంటికే తీసుకురావలసిందని, ఇక్కడ బాగానే అమ్ముడుపోతారనుకుంటున్నానని. ఆ ఉత్తరం స్వరంలో క్రూరత్వమేమీ వినిపించదు. మిగిలిపోయిన బెల్లపు పానకం పీపాల గురించి రాసినట్లే ఉంటుంది. తరువాతి తరం ఉత్తరాలు చదివేముందు ఈ స్వరాన్ని చెవిలో ఉంచుకోవాలి, ఎందుకంటే నలుగురు కొడుకులూ పెరిగింది ఈ స్వరం మధ్యనే.

ఒబడయా 1762లో చనిపోయాక నలుగురూ కలిసి నికొలస్ బ్రౌన్ అండ్ కంపెనీ పేరుతో ఉమ్మడి వ్యాపారం పెట్టుకున్నారు. వారి ప్రధాన సరుకు కొవ్వొత్తులు. స్పెర్మ్ తిమింగిలం తలలో దొరికే మైనపు పదార్థంతో చేసే ఆ కొవ్వొత్తులు పొగ లేకుండా, వాసన లేకుండా, తెల్లటి వెలుగుతో కాలేవి. ఆ ముడిపదార్థం నాంటకెట్ దీవి వేటగాళ్ల దగ్గర నుంచి రావాలి. ధర పెరిగిపోకుండా తయారీదారులందరూ 1761లో ఒక కూటమి కట్టారు. 1763లో దాన్ని సవరించినప్పుడు ప్రతి నూరు పీపాల ముడిపదార్థంలో 20 పీపాలు ఈ సోదరుల వాటాగా నిర్ణయమైంది. ఇంత పెద్ద వాటాను నిలుపుకోవాలంటే నాంటకెట్‌లో ధర ఎంత పలుకుతోంది, న్యూపోర్ట్‌లో పోటీదారులు లోపాయికారీగా ఎక్కువ ఇస్తున్నారా, ఫిలడెల్ఫియాలో కొవ్వొత్తుల పెట్టె ఎంతకు పోతోంది అన్నది రోజూ తెలియాలి. ఆ తెలియడమే ఉత్తరం. 1765లో వారు మరికొందరితో కలిసి ‘హోప్’ పేరుతో ఇనుప కొలిమి కూడా పెట్టారు కనుక రాతకోతలు మరింత పెరిగాయి.

ఇక మీ మొదటి ప్రశ్న. ఒకే ఊళ్లో ఉన్నవాళ్లకు ఉత్తరం అవసరమేమిటి? మొదటి కారణం, వాళ్లు ఎప్పుడూ ఒకే ఊళ్లో లేరు. సోదరుల్లో ఎవరో ఒకరు న్యూపోర్ట్‌కో, బోస్టన్‌కో, నాంటకెట్‌కో బేరాలకు వెళ్లేవారు. అయితే అంతకంటే ముఖ్యమైనది రెండవ కారణం. ఆ కాలపు వ్యాపారిచేత ఉత్తరం రాయించినది దూరమొక్కటే కాదు, రుజువు అవసరం కూడా. భాగస్తుల మధ్య నోటిమాట మీద నడిచిన బేరం తేడా వస్తే నిలబడదు. అందుకే రాసిన ప్రతి ముఖ్యమైన ఉత్తరానికీ నకలు తీసి కంపెనీ ఉత్తరాల పుస్తకంలో పెట్టేవారు. సముద్రం దాటవలసిన ఉత్తరమైతే ఒకటి మునిగినా మరొకటి చేరుతుందని రెండు మూడు ప్రతులు వేర్వేరు ఓడల మీద పంపేవారు. ఇవాళ మనం చదువుతున్నవాటిలో చాలాభాగం చేరిన ఉత్తరాలు కావు, ఇంట్లో ఉండిపోయిన ఆ నకళ్లే. మూడవ కారణం మన ఉమ్మడి కుటుంబాల్లో పెరిగినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. ఎదురుగా కూర్చుంటే అన్నతో అనలేని మాటలు కొన్ని ఉంటాయి. మోజెస్ తన అన్నలకు రాసిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఈ కోవలోవే.

నేను పైన చెప్పిన ‘ఒకే కాగితం’ 1764 సెప్టెంబరు నాటిది. నలుగురు సోదరులూ తమ కంపెనీ పేరుతో, ‘శాలీ’ అనే రెండు కొయ్యల ఓడ కెప్టెన్ ఈసెక్ హాప్కిన్స్‌కు రాసిన ఆదేశపత్రం అది. ఈ హాప్కిన్స్ రోడ్ ఐలండ్ గవర్నరుగా పనిచేసిన, తరువాత స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన స్టీఫెన్ హాప్కిన్స్‌కు తమ్ముడు. పదకొండేళ్ల తరువాత అమెరికా తొలి నౌకాదళానికి అధిపతి అయినవాడు కూడా ఇతడే. ఓడలోకి ఎక్కించిన సరుకు జాబితా ఇప్పటికీ ఉంది: 17,274 గ్యాలన్ల రమ్ము, కొవ్వొత్తుల పెట్టెలు, పొగాకు, పిండి, 1,800 కట్టల ఉల్లిపాయలు, వాటితో పాటు 40 జతల చేతి సంకెళ్లు, 40 జతల కాలి సంకెళ్లు. ఉల్లిపాయలను, సంకెళ్లను ఒకే చేత్తో, ఒకే సిరాతో, ఒకే తీరులో లెక్కపెట్టిన ఆ జాబితాను మొదటిసారి చదివిన రోజున నేను ఆపై పేజీకి వెళ్లలేకపోయాను. ఆదేశపత్రం మాత్రం మర్యాదగా, స్పష్టంగా ఉంటుంది. ఆఫ్రికా తీరంలో రమ్ము ఇచ్చి బానిసలను కొనాలి, కరీబియన్ దీవుల్లో అమ్మాలి, తమ ఇళ్ల అవసరానికి నలుగురు చురుకైన కుర్రవాళ్లను ప్రావిడెన్స్‌కు తీసుకురావాలి అని.

తరువాత జరిగినది హాప్కిన్స్ రాసిన పద్దు పుస్తకంలో ఉంది. 1764 నవంబరులో తీరం చేరిన ఓడ అక్కడే తొమ్మిది నెలలకు పైగా ఆగిపోయింది. అతడు కొన్నవాళ్లు మొత్తం 196 మంది. కొన్ని నెలలపాటు ఓడ అడుగున బంధించి ఉంచినవారిలో తీరం విడవకముందే చావులు మొదలయ్యాయి. ఒక స్త్రీ ఓడ అంతస్తుల మధ్య ఉరి వేసుకుందని పద్దులో ఒక్క పంక్తి ఉంటుంది. ఆమె పేరు లేదు. 1765 ఆగస్టు చివర, నడిసముద్రంలో బందీలు తిరగబడ్డారు. నావికులు కాల్పులు జరిపి ఎనిమిది మందిని చంపారు. ఆ తరువాత ఎందరో తిండి మానేసి, జబ్బుపడి పోయారు. పద్దు పుస్తకంలో ప్రతి చావుకూ ఒక వరస సంఖ్య ఉంది. అది 109 దాకా పోతుంది.

ఇప్పుడు ప్రావిడెన్స్ నుంచి వెళ్లిన జవాబు చూడండి. ఆఫ్రికా తీరం నుంచి చెడ్డవార్తలు వచ్చినప్పుడు సోదరులు హాప్కిన్స్‌కు రాసినదాని సారాంశం, నష్టం పెద్దదే అయినా మీరు ఆరోగ్యంగా ఉన్నారన్న తృప్తి ముందు ఆ నష్టాన్ని మేము ప్రసన్నంగానే భరిస్తున్నాము అని. మనిషి మీద మనిషికి ఉండవలసిన ఆపేక్ష ఆ ఉత్తరంలో నిజంగానే ఉంది. స్నేహితుడి క్షేమం కోరుతున్న మాటల్లో నటన కనిపించదు. అయితే ఆ ఆపేక్ష ఓడ పైభాగం దగ్గరే ఆగిపోతుంది, అడుగుకు దిగదు. ఆ ఉత్తరాన్ని పద్దు పుస్తకం పక్కన పెట్టకుండా విడిగా చదివితే ఎంతో మంచివాళ్లు రాసిన ఉత్తరంలా ఉంటుంది. వ్యాపారుల ఉత్తరాలు చదివేవారికి నేను ఎప్పుడూ చెప్పే మాట ఇదే: ఉత్తరాన్ని ఎన్నడూ ఒంటరిగా చదవకూడదు. దానికి జతపడే పద్దు ఎక్కడో ఉంటుంది, దాన్ని తెచ్చి పక్కన పెట్టుకోవాలి. ఉత్తరంలో సంబంధం ఉంటుంది, పద్దులో పని ఉంటుంది. రెండూ ఒకే మనుషులవి.

శాలీ నష్టం తరువాత నికొలస్, జోసెఫ్, మోజెస్ మళ్లీ బానిస ఓడల జోలికి పోలేదు. అది పశ్చాత్తాపమని తొందరపడి అనుకోవద్దు. ఆ నాటికి అది ఎక్కువగా లెక్కల నిర్ణయమే. జోసెఫ్‌కు మొదటినుంచీ వ్యాపారం కన్నా శాస్త్రం మీద మనసు ఎక్కువ. 1769 జూన్ 3న శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటడం చూడటానికి ఇంగ్లండు నుంచి దుర్భిణి తెప్పించినది అతడే. జాన్ మాత్రం ఆగలేదు. అతడికి ఉమ్మడి కంపెనీలో జాగ్రత్తలూ సంప్రదింపులూ ఊపిరాడనివ్వలేదు. కొద్ది ఏళ్లలోనే వేరుపడి సొంత వ్యాపారం పెట్టుకున్నాడు, బానిసల కోసం ఆఫ్రికాకు మళ్లీ ఓడలు పంపాడు. 1772లో గాస్పీ అనే బ్రిటిష్ పన్నుల ఓడను తగలబెట్టిన గుంపును నడిపించినవాడు కూడా అతడే.

మోజెస్ మార్పు 1773లో వచ్చింది. ఆ ఏడాది భార్య ఆనా చనిపోయింది. కొన్ని నెలల పాటు అతడు దాదాపు మంచం పట్టినట్లు ఉండిపోయాడు. అదే ఏడాది నవంబరు 10న తన ఇంట్లోని బానిసలందరినీ విడుదల చేస్తూ, అన్నలతో ఉమ్మడిగా ఉన్నవారిలో తన వాటాను కూడా వదులుకుంటూ పత్రం రాశాడు. మనుషులను, ఏ రంగువారినైనా సరే, బానిసలుగా కొనడం అమ్మడం దైవసంకల్పానికి విరుద్ధమని తనకు రూఢిగా తెలిసిందని ఆ పత్రంలో ఉంది. మరుసటి ఏడాది క్వేకర్ సమాజంలో, అంటే శాంతినీ మనుషుల సమానత్వాన్నీ నమ్మే ఒక క్రైస్తవ శాఖలో చేరాడు. ఉమ్మడి కంపెనీ నుంచి వైదొలిగాడు. ఇక్కడ ‘వాటా’ అన్న మాట దగ్గర కాస్త ఆగండి. ఉమ్మడి ఆస్తిలో ఉన్న మనిషిని నాలుగో భాగం మాత్రమే విడుదల చేయడమంటే ఏమిటి? మోజెస్ చేయగలిగిందల్లా తన భాగం వదులుకుని మిగిలిన భాగాల కోసం అన్నలను ఒప్పించడమే. అతని ధర్మబోధ ఉత్తరాలు గాలిలోంచి రాలేదు, ఆ పంపకాల లెక్క నుంచే మొదలయ్యాయి.

శత్రువులన్న మాట ఎందుకు నిలవదో చెప్పడానికి 1775 ఒక్కటి చాలు. బ్రిటన్‌తో అమెరికా వలసల యుద్ధం మొదలైన ఆ ఏడాది ఏప్రిలులో, రోడ్ ఐలండ్ సైన్యానికి పిండి సేకరిస్తున్న జాన్‌ను బ్రిటిష్ నౌకాదళం న్యూపోర్ట్‌లో పట్టుకుని బోస్టన్‌కు పంపింది. గాస్పీ కేసు కూడా తలమీద ఉన్న మనిషి కనుక ప్రాణానికే ముప్పు. అన్నను విడిపించడానికి బోస్టన్‌కు పరుగెత్తినది యుద్ధమన్నదే వద్దనే క్వేకర్ అయిన మోజెస్. బ్రిటిష్ సేనాధిపతి జనరల్ గేజ్ దగ్గర అన్న తరఫున మాట ఇచ్చి, ఇంటికి తెచ్చాడు. శాంతి కోసం పనిచేస్తాడని మోజెస్ ఎవరి తరఫున హామీ ఇచ్చాడో ఆ జాన్ ఊరు చేరిన కొద్ది కాలానికే విప్లవ సైన్యానికి మందుగుండు, ఓడలు సమకూర్చే వ్యాపారంలోకి దిగాడు. తమ్ముడి మాట పోయింది. అయినా బంధం తెగలేదు.

ఇక అసలైన ఉత్తరాలు. వీటిలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది విచిత్రంగా సోదరులకు రాసినది కాదు. 1783లో క్లార్క్, నైటింగేల్ అనే ప్రావిడెన్స్ వ్యాపారులు ఆఫ్రికాకు ఓడ పంపబోతున్నారని విని మోజెస్ వారికి రాసినది. వారిని తిట్టడు. తన కథ చెబుతాడు. శాలీని పంపినప్పుడు తనకు సందేహాలు ఉండేవని, ఆ సందేహాలను బలపరిచే మాట మరొకరి నోటి వెంట వినిపించి ఉంటే ఆ చెడు నుంచి తప్పించుకుని ఉండేవాడినని, తన జీవితంలో చేసిన పనులన్నిటిలో మనసు మీద ఎక్కువ మరక మిగిల్చినది అదేనని రాస్తాడు. అప్పుడు నాకు లేని తోడుమాట ఇప్పుడు మీకు నేనవుతాను అన్నదే ఆ ఉత్తరం వెనక ఉన్న భావం. ఇది చదివిన తరువాతే 1786 ఉత్తరాలకు రావాలి.

ఆ ఏడాది బానిస ఓడ విషయమై తమ్ముడు చేసిన అభ్యర్థనకు జాన్ రాసిన జవాబులోని వాదం ఇలా సాగుతుంది: ఇది దేవుడి దృష్టిలో తప్పని నీకు కలిగిన నమ్మకం నాకూ కలిగిన క్షణాన మానేస్తాను, అయితే పరమాత్మ అనుమతిస్తున్నదాన్ని, యూరప్ దేశాలన్నీ చేస్తున్నదాన్ని మన రాష్ట్రం ఒక్కటే ఎందుకు వదులుకోవాలి అని. దీన్ని కపటమని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. జాన్ నిజంగానే అలా నమ్మాడు, భయపెట్టేది కూడా అదే. అతడి రాతలో అక్షరదోషాలు ఎక్కువ, మాట పలికినట్లే రాస్తాడు, కోపం వచ్చినప్పుడు వాక్యం ఆగదు. అటువంటి మనిషి రాతలో దాపరికం తక్కువ. మోజెస్ రాత దీనికి వ్యతిరేకం. ఆచితూచి, కొట్టివేతలతో, వాక్యం లోపల వాక్యంతో సాగుతుంది.

సంబోధన గురించి తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. క్వేకర్లు అందరినీ, గవర్నరునైనా గుర్రపువాణ్ణైనా, పాత ఇంగ్లీషులోని ఏకవచనంతోనే పిలిచేవారు. బహువచన మర్యాద మనిషికీ మనిషికీ మధ్య ఎక్కువతక్కువలు సృష్టిస్తుందని వారి నమ్మకం. కనుక మోజెస్ తన అన్నకు రాసే ఉత్తరంలోని ఆ ఏకవచనాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘నువ్వు’ అంటే చనువుగా, కొన్నిచోట్ల అమర్యాదగా వినిపిస్తుంది, ‘మీరు’ అంటే అతడి మతం మొత్తం జారిపోతుంది. నేను ‘నీవు’ వాడతాను. అందులో ప్రార్థన స్వరం కొంత ఉంటుంది. అలాగే క్వేకర్లు నెలల పేర్లు అన్యదేవతలవని వాటిని రాయక, పదకొండవ నెల, తొమ్మిదవ రోజు అన్నట్లు అంకెలతో రాసేవారు. 1752కు ముందు బ్రిటిష్ వలసల్లో ఏడాది మార్చి 25న మొదలయ్యేది కనుక అప్పటి క్వేకర్ కాగితాల్లో మొదటి నెల అంటే మార్చి. మోజెస్ రాతలకు ఈ చిక్కు లేదు గాని, తండ్రి తరం కాగితాల తేదీల్లో జాగ్రత్తగా ఉండాలి.

1787లో రోడ్ ఐలండ్ తన పౌరులు బానిస వ్యాపారంలో పాల్గొనడాన్ని నిషేధించింది. అందులో మోజెస్ కృషి పెద్దది. 1789లో ప్రావిడెన్స్‌లో బానిస వ్యాపార నిర్మూలన సంఘం ఏర్పడగానే జాన్ ‘ఒక పౌరుడు’ అన్న మారుపేరుతో పత్రికలో దాని మీద విరుచుకుపడ్డాడు, మోజెస్ సమాధానాలు రాశాడు. ఇంట్లో నడిచిన తగవు వారాల తరబడి ఊరందరి కళ్ల ముందూ నడిచింది. శత్రువులన్న పేరు వచ్చినది ఈ రాతల వల్లనే. అయితే 1791లో ప్రావిడెన్స్ బ్యాంకు పెట్టినప్పుడు జాన్, మోజెస్ ఇద్దరూ చేతులు కలిపారు. పత్రికలో ఒకరి మనస్సాక్షిని ఒకరు ప్రశ్నించుకున్న రెండేళ్లకు ఒకే బ్యాంకు కాగితాల మీద ఇద్దరి పేర్లూ కనిపిస్తాయి. ఇది మోజెస్ బలహీనతని కొందరు అంటారు. నా ఉద్దేశంలో అన్నదమ్ముల వ్యాపార కుటుంబమంటే ఏమిటో ఇంతకంటే చక్కగా చూపే రుజువు లేదు. తగవు ఎంత లోతైనదైనా అప్పు, హామీ, నమ్మకం అన్నీ ఆ రక్తసంబంధంలోనే ప్రవహించేవి. దాన్ని తెంచుకుంటే ఇద్దరి ఇళ్లూ కూలిపోయేవి.

1794లో విదేశాలకు బానిసలను చేరవేయడాన్ని అమెరికా ప్రభుత్వం నిషేధించింది. ఆ చట్టం కింద విచారణకు నిలబడ్డ తొలి అమెరికన్ జాన్ బ్రౌనే. 1797లో అతడి ఓడ జప్తు అయింది, మరో విచారణలో మాత్రం జూరీ అతడిని వదిలేసింది. జప్తయిన ఓడ పేరు ‘హోప్’, అంటే ఆ సోదరుల తల్లి పేరు. తరువాత జాన్ అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికై, 1800లో ఆ చట్టాన్ని బిగించే సవరణకు వ్యతిరేకంగా ఓటు వేసిన ఐదుగురిలో ఒకడయ్యాడు. 1803లో చనిపోయేదాకా అతడి అభిప్రాయం మారలేదు.

మన తీరంతో సంబంధం ఏమైనా ఉందా అని మీరు అడగలేదు గాని, ఉన్నంత మేరకు చెబుతాను. 1787 డిసెంబరులో జాన్ కంపెనీ ‘జనరల్ వాషింగ్టన్’ అనే ఓడను తూర్పుదేశాలకు పంపింది. అది మద్రాసు, పుదుచ్చేరి రేవులను తాకి, చైనాలోని కాంటన్‌కు వెళ్లి 1789లో తిరిగివచ్చింది. ఆ కాలంలో తెలుగునాటి నేతగాళ్లు నేసిన బట్టలకు మద్రాసు ఒక ప్రధాన ఎగుమతి రేవు. కోరమండల్ తీరపు నూలుబట్టలను యూరప్ వర్తకులు ఆఫ్రికా తీరంలో బానిసలను కొనడానికి మారకపు సరుకుగా వాడేవారన్నది కూడా చరిత్రే. బ్రౌన్ సోదరుల శాలీ తీసుకువెళ్లినది రమ్మే అయినా, ఆ వ్యాపారపు వల మన మగ్గాల దాకా పరుచుకుని ఉండేదని గుర్తుంచుకుంటే ఈ ఉత్తరాలు ఎక్కడో దూరదేశపు ఇంటితగవులా అనిపించవు.

మోజెస్‌ను పూర్తిగా పుణ్యాత్ముణ్ణి చేయడం కూడా తప్పే. 1789 డిసెంబరులో ఇంగ్లండు నుంచి వచ్చిన శామ్యూల్ స్లేటర్ అనే యువకుడు పని కోసం అతనికి ఉత్తరం రాశాడు. మోజెస్ అతన్ని పిలిపించి పెట్టుబడి చూపించాడు. 1790 చివర పొటకెట్ జలపాతం దగ్గర నీటి శక్తితో నూలు వడికే యంత్రాలు తిరిగాయి, అమెరికా యంత్ర పరిశ్రమకు అది తొలి మెట్టు. ఆ మిల్లుకు తొలినాళ్లలో వచ్చిన పత్తి కరీబియన్, దక్షిణ అమెరికా తోటల నుంచి, అంటే బానిసల చేతుల మీదుగా వచ్చినదే. అన్నను అంత నిశితంగా ప్రశ్నించిన తమ్ముడి ఉత్తరాల్లో ఈ పత్తి గురించిన ప్రశ్న అంత గట్టిగా వినిపించదు. 1836లో, 98వ పుట్టినరోజుకు కొద్దిరోజుల ముందు చనిపోయేదాకా అతడు ఎన్నో మంచిపనులు చేశాడు. ఈ వెలితి కూడా అతడి కాగితాల్లోనే ఉంది.

చివరగా, ఎక్కడ మొదలుపెట్టాలి. కంపెనీ వ్యాపార పత్రాలు ప్రావిడెన్స్‌లోని జాన్ కార్టర్ బ్రౌన్ గ్రంథాలయంలో ఉన్నాయి, మోజెస్ సొంత కాగితాలు రోడ్ ఐలండ్ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి. ఈ కుటుంబం పేరుతోనే ఉన్న బ్రౌన్ విశ్వవిద్యాలయం బానిసత్వంతో తన సంబంధాన్ని పరిశీలించడానికి 2003లో ఒక సంఘాన్ని వేసి 2006లో నివేదిక ప్రచురించింది. ఆ కృషిలో భాగంగా శాలీ పత్రాలు అంతర్జాలంలో బొమ్మలుగా అందుబాటులోకి వచ్చాయి, హైదరాబాదులోనో గుంటూరులోనో కూర్చుని చూడవచ్చు. చేతిరాతకు కళ్లు అలవాటు పడటానికి నెల పడుతుంది, కంగారుపడవద్దు. ముందు నికొలస్ గుమాస్తాలు శుభ్రంగా రాసిన కంపెనీ నకళ్లు చదవండి, తరువాతే జాన్ సొంత చేతిరాతకు వెళ్లండి. చదివే వరస మాత్రం ఇలా పెట్టుకోండి: 1764 ఆదేశపత్రం, హాప్కిన్స్ పద్దు పుస్తకం మొత్తం, సోదరులు అతనికి రాసిన జవాబు, 1773 విడుదల పత్రం, 1783 ఉత్తరం, ఆపైన 1786లో జాన్ రాసిన జవాబు. పద్దు పుస్తకాన్ని దాటవేయవద్దు. ఒక్కొక్క పంక్తీ, ఒక్కొక్క సంఖ్యా, ఒకటి నుంచి 109 దాకా చదివిన తరువాతే అన్నదమ్ముల మాటలు వినండి.